తాగని నాన్న

నాన్న పోయిన పదో రోజున నాకన్నా పైడే ఎక్కువ ఏడ్చింది. విజయనగరం నుంచి వచ్చిన దూరపు చుట్టం ఒకావిడ దాన్ని చూసి, "పెద్దకూతురా?" అని నా చెవిలో అడిగింది. "కాదండీ, పక్క క్వార్టరు పిల్ల" అన్నాను. నలభై దాటి, సగం జుట్టు నెరిసిన మనిషిని పట్టుకుని పిల్ల అన్నాను. ఆ మాట ఎంత కరుగ్గా వచ్చిందో ఏమో, ఆవిడ పక్కకి జరిగి కూర్చుంది. మా అమ్మానాన్నలకి నేనొక్కదాన్నే. అమ్మ అంతకు కొన్నేళ్ళ ముందే పోయింది. నాన్న కోసం ఏడిచే హక్కు పూర్తిగా నాదే కావాలి. కానీ పైడి వెక్కిళ్ళు వింటూ కూర్చున్న నాకు దుఃఖం రాలేదు, అసూయ వచ్చింది. ఆ అసూయ కొత్తదేమీ కాదు. నాకు పదేళ్ళప్పుడు పుట్టింది, నాతో పెరిగింది, ఇప్పుడు నాతోపాటే ముసలిదవుతోంది. మొదట్లో అది పైడి వాళ్ళ నాన్నని చూసి. తర్వాత మా నాన్నని చూసే. ఈ రెండింటికీ మధ్య నేను చేసిన పని ఒకటుంది. దాన్ని ఇంతవరకూ కాగితం మీద పెట్టలేదు.

మేమున్నది రాయ్‌పూర్‌లో రైల్వే కాలనీ. నాన్న వ్యాగన్లు బాగుచేసే షాపులో, స్టోర్సులో గుమాస్తా. పక్క క్వార్టర్లో ఉండే అప్పలస్వామి బాబాయి అదే షాపులో రివెట్లు కొట్టేవాడు. మాకు చుట్టరికమేమీ లేదు. రెండు కుటుంబాలూ విజయనగరం దగ్గర పక్కపక్క ఊళ్ళ నుంచి వచ్చాయి, అంతే. చుట్టూ హిందీ, ఛత్తీస్‌గఢీ వినిపించే చోట తెలుగు మాట చెవిన పడితే చాలు, వరసలు కలిసిపోయేవి. ఆయన నాకు బాబాయి, ఆయన భార్య నరసమ్మ పిన్ని. మా నాన్న పైడికి పెదనాన్న. రెండిళ్ళకీ మధ్య ఒకటే గోడ. అటువైపు ఎవరు దగ్గినా ఇటు వినిపించేది.

నాన్న రోజు భోంగాని బట్టి నడిచేది. షాపు సైరన్‌ని మా కాలనీలో అందరూ భోంగా అనేవాళ్ళం. పొద్దున్న మొదటి భోంగాకి నాన్న వేపపుల్లతో పెరట్లో నిలబడి ఉండేవాడు. రెండోదానికి చద్దన్నంలో ఉల్లిపాయ నంజుకుని లేచేవాడు. సాయంత్రం భోంగా కూసిన ఇరవై నిమిషాలకి మా గేటు గడియ చప్పుడయ్యేది. చెప్పులు గోడవారగా ఒకదాని పక్కన ఒకటి విడిచేవాడు. కాళ్ళు కడుక్కుని, చొక్కా మేకుకి తగిలించి, కుర్చీ వరండాలోకి లాక్కుని, రైల్లో ఒకరోజు ఆలస్యంగా వచ్చే తెలుగు పేపరు విప్పేవాడు. ఆయన ఒంటికి గ్రీజూ గోనెసంచీ కలిసిన వాసన. అమ్మ సిగ్రీలో బొగ్గులు రాజేసి విసురుతుంటే ఆ పొగ వరండాలోకి వచ్చి పేపరు మీద నుంచి పోయేది. ఆయన కళ్ళు తుడుచుకునేవాడే కానీ కుర్చీ జరిపేవాడు కాదు. నన్ను ఏనాడూ కొట్టలేదు, తిట్టలేదు. ఒళ్ళో కూర్చోబెట్టుకున్నదీ లేదు. "చదివావా?" అనేవాడు. "చదివాను" అనేదాన్ని. ఆ రోజుకి మా మాటలు అయిపోయేవి.

గోడకి అవతల మరో రకం నాన్న ఉండేవాడు. అప్పలస్వామి బాబాయి వస్తున్నాడంటే వీధి మలుపులోనే తెలిసేది. పాట పాడుతూ వచ్చేవాడు. ఎదురైన ప్రతి పిల్లకీ దండం పెట్టేవాడు. చేతిలో ఆకుదొన్నె, అందులో పాకం కారే జిలేబీ. "ఏటే పైడీ, మీ అయ్యొచ్చినాడు, సూడవేటే!" అని గుమ్మంలోంచే కేకేసి, దాన్ని అమాంతం ఎత్తి భుజం మీద కూర్చోబెట్టుకునేవాడు. గోడ పక్కన నిలబడ్డ నన్ను చూసి, "నువ్వూ రా గుంటా, నీకూ ఉందిలే" అని ఒక చుట్ట తుంచి పెట్టేవాడు. ఆయన నోటినుంచి ఇప్పపువ్వు వాసన వచ్చేది. ఆ వైపంతా అడవుల్లో ఇప్పపూలు ఏరి, ఎండబెట్టి సారా కాస్తారు. ఎండిన పువ్వు తియ్యగా, కాస్త పులిసినట్టు ఉంటుంది. అది సారా వాసనని నాకు తెలియదు. పిల్లల్ని ముద్దుచేసే నాన్నల దగ్గర అలాంటి వాసన వస్తుందనుకున్నాను.

దసరాకి మా కాలనీ మైదానంలో రావణుణ్ణి కాల్చేవారు. చుట్టుపక్కల బస్తీల నుంచి జనం విరగబడి వచ్చేవారు. ఆ ఏడు బాబాయి పైడిని భుజాలకెక్కించుకుని జనం మధ్యలోకి దూసుకుపోయాడు. నాన్న నా మణికట్టు పట్టుకుని, "తొక్కిసలాటవుతుంది, ఇక్కడే ఉందాం" అని వెనకాల నిలబెట్టాడు. నాకు కనిపించింది మనుషుల వీపులు. ఆ వీపుల పైన, అంత ఎత్తున, పైడి ఎర్ర రిబ్బన్లు. పది తలలకీ నిప్పంటుకున్నప్పుడు అది చప్పట్లు కొడుతూ వెనక్కి తిరిగి నా కోసం వెతికింది. నేను కనబడకుండా నాన్న వెనక్కి జరిగాను.

ఆ మర్నాడు సాయంత్రం నాన్న పేపరు చదువుతుంటే ఎదురుగా నిలబడి అడిగాను. "నాన్నా, నువ్వెందుకు తాగవు?"

సిగ్రీ విసురుతున్న అమ్మ చెయ్యి ఆగిపోయింది. "ఆ మాటేటే! నోర్ముయ్యి" అంది.

నాన్న పేపరు దించాడు. నన్ను చాలాసేపు చూశాడు. కోపం లేదు. ఏదో చెప్పబోయి మానుకుని, "లోపలికెళ్ళి చదువుకో" అన్నాడు. మళ్ళీ పేపరు ఎత్తుకున్నాడు. అది నా ప్రశ్నకి జవాబు కాదని, ఈయన ప్రేమలేని మనిషి కాబట్టే తాగడని నాకు నేను తేల్చుకున్నాను.

పైడి నాకు నిజం చెప్పకపోలేదు. ఒకరోజు బడి తొందరగా వదిలేస్తే దాంతో పాటు వాళ్ళింటికి వెళ్ళాను. మధ్యాహ్నం వేళ. సిగ్రీ చల్లగా ఉంది. నరసమ్మ పిన్ని గోడవైపు తిరిగి పడుకుంది. మోచేతి మీద కమిలిన మచ్చ. పైడి కుండలోంచి నీళ్ళు ముంచి నాకిచ్చి, తనూ తాగింది. "ఆకలేస్తే నీళ్ళు తాగాల. సిటికెలో పోతాది" అంది, ఏదో ఆట నేర్పుతున్నట్టు.

"మొన్ననే జిలేబీ తెచ్చాడు కదా మీ నాన్న?"

"జిలేబీ తెచ్చిన రోజు బియ్యం తేడే. జిలేబీ ఒకరోజే కదా" అంది. తర్వాత గొంతు తగ్గించి, "పొద్దున్న లేస్తే అయ్య సేతులు ఒణుకుతాయి. గలాసు పట్టుకోలేడు. ఒక గుక్క ఏసుకుంటే ఆగుతాయి. నీకో సంగతి సెప్పనా? భోంగా కూసినాక మీ గేటు సప్పుడవుద్ది కదా, నాను గోడకి సెవి పెట్టి ఇంటాను. రోజూ ఒకలాగే ఒత్తాడు మీ నాన్న" అంది.

నేను నమ్మలేదు. నమ్మడం ఇష్టం లేకపోయింది అనాలి. ఉన్నవాళ్ళు లేనివాళ్ళ ముందు ఏదో లోటు చెప్పుకున్నట్టు, నన్ను ఓదార్చడానికి చెబుతోందనుకున్నాను. పిన్ని చేతి మీది మచ్చ చూశాను కదా, దాన్ని కూడా మర్చిపోయాను. అసూయ పట్టిన కళ్ళు భుజం మీద ఎక్కిన పిల్లనే చూస్తాయి. ఆ భుజం ఎటు నడుస్తోందో చూడవు.

చలికాలం మొదట్లో ఒక సాయంత్రం బాబాయి షాపులోనే రక్తం కక్కుకుని పడిపోయాడు. నాన్నే ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. మూడు రోజులు సెలవు పెట్టి అక్కడే ఉన్నాడు. నాకు తెలిసి నాన్న సెలవు పెట్టడం అదే మొదలు. బడి వదిలాక నేనూ పైడీ క్యారేజీ పట్టుకెళ్ళేవాళ్ళం. మూడో రోజు వెళ్ళేసరికి బాబాయి మంచం మీద కూర్చుని దుప్పటి మీద ఏదో ఏరుతున్నాడు. కళ్ళు పచ్చగా ఉన్నాయి. చెమటతో చొక్కా తడిసిపోయింది. "సీమలు అన్నియ్యా, ఎర్రసీమలు, ఒల్లంతా పాకేత్తన్నాయి" అంటున్నాడు. దుప్పటి మీద ఏమీ లేదు. నాన్న దానిమీద వంగి, "ఉండరా, నేను దులుపుతాను, నువ్వు పడుకో" అని ఖాళీ దుప్పటిని అరచేత్తో మెల్లగా దులిపాడు. ఆ చెయ్యి అంత మెత్తగా కదలగలదని నాకు తెలియదు. మరుక్షణం బాబాయి ఒళ్ళు బిగుసుకుపోయింది. కళ్ళు తేలేసి, కాళ్ళూ చేతులూ కొట్టుకున్నాడు. పైడి అరిచింది. నాన్న ఒక చేత్తో ఆయన్ని పక్కకి ఒత్తిగిలించి పట్టుకుని, రెండో చేత్తో పైడిని దగ్గరికి లాక్కుని, దాని మొహం తన పొట్టకి అదుముకున్నాడు, చూడకుండా. నేను గుమ్మం దగ్గర క్యారేజీ పట్టుకుని నిలబడ్డాను. నాకు అన్నీ కనిపించాయి.

అక్కడి డాక్టరమ్మ బెంగాలీ. హిందీలో నెమ్మదిగా, ఒక్కొక్క మాటే చెప్పేది. మందులిచ్చి బాబాయిని నిద్రపుచ్చాక వరండాలో పిన్నినీ మమ్మల్నీ నిలబెట్టి చెప్పింది. రోజూ తాగే ఒళ్ళు సారాకి అలవాటు పడిపోతుందట. ఒక్కసారిగా ఆగిపోతే మెదడు తట్టుకోలేదట. రెండో రోజో మూడో రోజో ఒణుకు, లేనివి కనబడటం, మూర్ఛ. ఒక్కోసారి ప్రాణమే పోతుందట. "ఇంట్లో కట్టేసి మాన్పిస్తాం అంటారు కొందరు. ఆ పని చెయ్యకండి. ఆస్పత్రికి తీసుకురండి" అంది. కాలేయం ఇంకా పూర్తిగా గట్టిపడలేదనీ, ఇప్పుడు ఆపితే కొంత కోలుకుంటుందనీ, మళ్ళీ మొదలుపెడితే తన చేతుల్లో ఏమీ లేదనీ చెప్పింది.

పిన్ని కళ్ళొత్తుకుంటూ వచ్చీరాని హిందీలో, "ఒట్టు ఏయించుకుంటానమ్మా, అమ్మోరి మీద ఒట్టు" అంది.

"ఒట్టుతో తగ్గేది కాదమ్మా, ఇది జబ్బు. అతను చెడ్డవాడు కాదు, మొండివాడూ కాదు. షాపు వదిలే వేళ ఉంది చూడండి, అదే అతనికి గండం. ఆ గంటలో ఎవరో ఒకరు తోడుండాలి. రోజూ. నెలలు పట్టినా సరే."

"నేనుంటాను" అన్నాడు నాన్న. "మా నాయన కూడా ఇలాగే పోయాడు డాక్టరుగారూ. నాకప్పుడు ఎనిమిదేళ్ళు. సారా కొట్ల వెంట తిరిగి వెతికి తీసుకొచ్చేవాణ్ణి. తోడుండాలని నాకు ఎవరూ చెప్పలేదు" అన్నాడు. అలా అంటున్నప్పుడు ఆయన చెయ్యి పైడి భుజం మీద ఉంది. మా తాత ఎలా పోయాడో నేను విన్నది అక్కడే. నా ప్రశ్నకి జవాబూ అదే. కానీ ఆ జవాబు నాకు చెప్పలేదు, డాక్టరమ్మకి చెప్పాడు, పైడి పక్కన నిలబడి చెప్పాడు.

అప్పట్నుంచి మా ఇంటి సాయంత్రాలు మారిపోయాయి. షాపు గేటు దాటితే ఎడమవైపు దారి గుఢియారీ బజారుకి, ఆ బజారు మొదట్లోనే సారా భట్టీ. కుడివైపు దారి కాలనీకి. నాన్న భోంగా కూయగానే గేటు దగ్గర నిలబడి, బాబాయి రాగానే చెయ్యి పట్టుకుని కుడివైపు నడిపించేవాడు. ఇద్దరూ మైదానం చుట్టూ తిరిగి, బాగా అలిసిపోయి వచ్చేవాళ్ళు. ఇరవై నిమిషాలకి అయ్యే గేటు చప్పుడు గంటకి గానీ అయ్యేది కాదు. బాబాయి మా వరండాలోనే కూర్చునేవాడు. అమ్మ ఆయనకి బెల్లం టీ ఇచ్చేది. తాగుడు ఆపాక తీపి మీద తెగ పోయేదట మనసు. నాన్న పేపరు పైకి చదివి వినిపించేవాడు. నాకోసం ఏనాడూ పైకి చదవని మనిషి! పక్కనే పైడి మఠం వేసుకుని కూర్చునేది. దానికి తెలుగు అక్షరాలు నాన్నే నేర్పాడు. నాకు అమ్మ నేర్పింది. బాబాయి ఏదో అంటే నాన్న నవ్వేవాడు. మా నాన్నకి నవ్వినప్పుడు ఎడమబుగ్గ మీద సొట్ట పడుతుందని నాకు అప్పుడు తెలిసింది, పదకొండేళ్ళకి.

బాబాయి కళ్ళ పసుపు పోయింది. చేతుల ఒణుకు తగ్గింది. వాళ్ళ సిగ్రీ రోజూ వెలిగేది. పిన్ని కుంకుమ బొట్టు పెద్దదైంది. కాలనీ అంతా మా నాన్నని మెచ్చుకుంది. నేనొక్కదాన్నే లోపల కుతకుతలాడిపోయాను. ఒకప్పుడు పైడికి తాగే నాన్న ఉన్నాడని కుళ్ళుకున్నాను. ఇప్పుడు దానికి ఇద్దరు నాన్నలు, ఇద్దరూ తాగరు.

అలా ఎనిమిది నెలలు గడిచాయి. ఒక సాయంత్రం పైడి పేపర్లో పెద్ద అక్షరాల వార్త ఒకటి ఎక్కడా తడబడకుండా చదివింది. నాన్న దాని తల మీద చెయ్యి వేసి, "శభాష్ తల్లీ" అన్నాడు. తల్లీ. నన్ను ఏనాడూ అలా పిలవలేదు. నేను సుగుణని. ఎప్పుడూ సుగుణనే. లోపలికెళ్ళి బియ్యం డబ్బా వెనక కూర్చున్నాను. నా కోసం ఎవరూ రాలేదు.

మర్నాడు నాన్నకి చలిజ్వరం వచ్చింది. రెండు దుప్పట్లు కప్పినా పళ్ళు టకటకలాడుతున్నాయి. అమ్మ పక్కనే కూర్చుని నుదుటి మీద తడిగుడ్డ వేస్తోంది. పిన్నీ పైడీ భిలాయిలో చుట్టాలింటికి వెళ్ళారు. భోంగా వేళ దగ్గర పడుతుంటే నాన్న నన్ను పిలిచాడు.

"సుగుణా, నువ్వు గేటు దగ్గరికెళ్ళు. నాకు జ్వరమని బాబాయికి చెప్పు. చెయ్యి పట్టుకుని, మాటలు చెబుతూ తీసుకురా. చెయ్యి వదలకు."

సరేనన్నాను. దారంతా ఆ చివరి మాటే నాలో తిరిగింది. ఇంత జ్వరంలోనూ ఆయన బెంగ బాబాయి మీదే.

గేటు దగ్గర కాపలావాడు, "కాబర్ ఠాఢే హస్ నోనీ?" అన్నాడు. ఎందుకు నిలబడ్డావమ్మాయీ అని. భోంగా కూసింది. సైకిళ్ళు, మనుషులు, నూనె వాసన ఒక్కసారిగా మీద పడ్డట్టు వచ్చాయి. ఆ గుంపులోంచి బాబాయి అటూ ఇటూ చూసుకుంటూ వచ్చాడు. నన్ను చూసి మొహం విప్పారింది.

"నువ్వొచ్చినావేటమ్మా? అన్నియ్యేడి?"

"నాన్న రాడు" అన్నాను. అక్కడితో ఆపి ఉండొచ్చు. జ్వరమని చెప్పి ఉండొచ్చు. "ఇంక ఎప్పుడూ రాడట. రోజూ నిన్ను తీసుకురావడం విసుగొచ్చిందట."

బాబాయి నవ్వాడు, నేను హాస్యమాడుతున్నానేమోనని. నా మొహం చూసి ఆ నవ్వు ఆగిపోయింది. "అలగన్నాడేటి?"

"ఊఁ. అమ్మతో అంటుంటే విన్నాను."

ఆయన తల కిందికి దించుకున్నాడు. "నిజమేలే. ఎన్నాల్లని సేత్తాడు? కన్నోల్లే సెయ్యరు ఇంత. ఆయనకి మాత్రం విసుగెయ్యదేటి" అన్నాడు. గొంతులో కోపం లేదు. నా తల నిమిరి, "నువ్వెల్లమ్మా. నాను సిటికెలో వొచ్చీత్తాను" అన్నాడు. ఎడమవైపు తిరిగాడు.

పది అడుగులు వేసేవరకూ నేను పిలిస్తే వినబడేంత దూరంలోనే ఉన్నాడు. నేను పిలవలేదు. ఆయన తాగాలని నేను కోరుకోలేదు, ఆ మాట నిజం. ఆ ఒక్క సాయంత్రం మా వరండాలో ఆయన కూర్చోకూడదు, అంతే నాకు కావలసింది. అది నాకు దొరికింది. ఇంటికెళ్ళి, "బాబాయికి ఓవర్‌టైమట" అన్నాను. నాన్న లేవబోయి, కళ్ళు తిరిగి మళ్ళీ మంచం మీద పడిపోయాడు.

రెండు రోజుల తర్వాత జ్వరం పూర్తిగా తగ్గకుండానే నాన్న గుఢియారీ వెళ్ళి, రైలుపట్టాల వారన పడి ఉన్న బాబాయిని రిక్షాలో తీసుకొచ్చాడు. రిక్షా మా గుమ్మం ముందు ఆగినప్పుడు ఇప్పపువ్వు వాసన వచ్చింది. నేను పెరట్లోకి పారిపోయాను. ఆ తర్వాత నాన్న మళ్ళీ రోజూ గేటు దగ్గర నిలబడ్డాడు. బాబాయి మరో గేటులోంచి జారుకునేవాడు. ఈసారి పాటలు లేవు, జిలేబీ లేదు. తలుపు దగ్గరేసుకుని తాగేవాడు. పొట్ట కుండలా ఉబ్బింది, కాళ్ళు పుల్లల్లా అయ్యాయి. నీరు తీస్తే మళ్ళీ పట్టేది. కూతురి పేరు పిలవబోయి తడుముకునేవాడు. మరుసటి వానాకాలంలో మళ్ళీ రక్తం కక్కుకున్నాడు. ఆస్పత్రిలో నాలుగు రోజులున్నాడు. ఐదో రోజు పొద్దున్న పోయాడు. ఆయనకి నలభై కూడా నిండలేదు.

పిన్నికి షాపులో పని ఇచ్చారు. పైడి మా ఇంట్లోనే తిని, మా వరండాలోనే చదువుకుని, నాన్న దగ్గరుండి చేర్పిస్తే నర్సు ట్రైనింగు పూర్తిచేసింది. నేను పెళ్ళి చేసుకుని బిలాస్‌పూర్ వెళ్ళాను. సెలవులకి వస్తే వరండాలో రెండు కుర్చీలు ఉండేవి. రెండోదాంట్లో డ్యూటీ దిగి వచ్చిన పైడి. వాళ్ళిద్దరూ పెద్దగా మాట్లాడుకునేవారు కాదు. ఆ మాట్లాడుకోకపోవడంలో కూడా నాకు చోటు లేదనిపించేది. నాన్న నన్ను ఏమీ అడగలేదు. ఎప్పుడూ. "చదివావా?" పోయి "బాగున్నావా?" వచ్చింది, అంతే తేడా.

నాన్న పోయిన కొన్ని నెలలకి, రిటైరయ్యాక ఆయన అద్దెకున్న ఇల్లు ఖాళీ చేసే పనిమీద రాయ్‌పూర్ వెళ్ళి, పైడి పనిచేసే ఆస్పత్రికి వెళ్ళాను. తాగుడు, మత్తు మానేవాళ్ళ వార్డుకి అదే పెద్దనర్సు. మంచాల మీద భన్‌పురి ఫ్యాక్టరీల మనుషులు, టాటీబంధ్ దగ్గర లారీలు ఆపుకునే డ్రైవర్లు. నిద్ర రాకుండా నల్లమందు మింగేవాళ్ళు, నిద్ర కోసం మాత్రలు మింగేవాళ్ళు. మా రోజుల్లో ఇప్పసారా ఒక్కటే ఉండేది, అదీ వాసనతో దొరికిపోయేది. ఇప్పటి మత్తుల్లో సగానికి వాసనే లేదని పైడి చెప్పింది. కాకపోతే అప్పుడు ఒక్క డాక్టరమ్మకి తెలిసిన సంగతి ఇప్పుడు గోడల మీద బొమ్మలేసి మరీ రాశారు. నేను చూస్తుండగానే ఒక డ్రైవరు భార్యతో పైడి, "ఒట్లు వేయించకు బహన్, తిట్టకు కూడా. మళ్ళీ తాగితే ఓడిపోయామని ఇంట్లో కూర్చోకు, మళ్ళీ తీసుకురా. చాలామంది ఒక్కసారికి మానలేరు" అని హిందీలో చెబుతోంది. ఆవిడ ఏడుపు ఆగేదాకా చేతిని వదల్లేదు.

టీ తాగుతూ ఆరుబయట బెంచీ మీద కూర్చున్నాం. నేను చెప్పేశాను. గేటు, భోంగా, నా అబద్ధం, ఎడమవైపు పది అడుగులు. చెప్పి దాని మొహం చూడలేక గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాను.

"నాకు తెలుసే సుగుణా" అంది పైడి.

గ్లాసు బెంచీ మీద పెట్టేశాను.

"అయ్య పోయేముందు ఆస్పత్రిలో పెదనాన్నని అడిగాడు. 'నువ్వు ఇసిగిపోనావని సుగుణమ్మ సెప్పినాది, నిజమేనా అన్నియ్యా' అని. నేను మంచం పక్కనే ఉన్నాను. పెదనాన్న అయ్య దుప్పటి సర్దారు. తర్వాత, 'అవునురా, జ్వరంలో నోరుజారాను. తప్పు నాదే' అన్నారు. అయ్య ఆయన చెయ్యి పట్టుకుని, 'పోనీలే' అన్నాడు. మనసు తేలికైంది పాపం."

"మరి నీకెలా..."

"బయటికొచ్చాక పెదనాన్న నాకు నిజం చెప్పారు. నువ్వు చిన్నపిల్లవని చెప్పారు. 'తాగే జబ్బున్నవాడికి ఒక సాకు కావాలి తల్లీ, ఆ రోజు సుగుణ మాట దొరికింది. ఇది కాకపోతే ఇంకోటి దొరికేది. నేను సుగుణని సరిగ్గా దగ్గరికి తీసుకోలేదు, అందుకే అలా అంది. దాన్ని నువ్వు ఎప్పుడూ ఏమీ అనకు' అన్నారు. నేను అనలేదు కదా?"

అనలేదు. ముప్పై ఏళ్ళకి పైగా ఒక్కసారి కూడా అనలేదు. ఇప్పుడు రోజూ మత్తుమనుషుల మధ్య తిరిగే పైడి, ఆయన అన్నదే నిజమని, మళ్ళీ పడటం ఈ జబ్బులో ఉండేదేనని నాకు ఓపిగ్గా వివరించింది. బుద్ధికి ఎక్కింది. మనసు మాత్రం ఆ పది అడుగుల దగ్గరే నిలబడి ఉంది, ఉంటుంది.

"నాకెందుకు చెప్పలేదే ఆయన?" అని అడిగాను.

"ఆయన్నే అడగాలని చాలాసార్లు అనుకున్నాను. నువ్వొచ్చినప్పుడల్లా ఏదో చెప్పబోయేవారు. నువ్వు లోపలికెళ్ళిపోయేదానివి."

వార్డులోంచి ఎవరో పిలిస్తే అది లేచి వెళ్ళింది. నేను అక్కడే కూర్చుండిపోయాను. నాన్న నా అబద్ధాన్ని తన మీద వేసుకున్నాడు. నన్ను తిట్టలేదు, నా తప్పులో తన తప్పు వెతుక్కున్నాడు, నన్ను క్షమించాడు. ఒక కూతురు ఇంతకన్నా ఏం కోరుకుంటుంది? అయినా ఆ బెంచీ మీద, ఈ వయసులో, నాలో మళ్ళీ లేచింది ఆ పాత అసూయే. నన్ను క్షమించిన సంగతి కూడా ఆయన పైడికే చెప్పాడు.